వానకు వచ్చే మఖమల్

సిగ్గు ఎక్కువైన వాళ్ళు ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడలేరు. కిందికి చూస్తారు. నేను చిన్నప్పటి నుంచీ కిందికే చూస్తున్నాను కాబట్టి మా చుట్టాల్లో చాలామంది ముఖాలు నాకు సగం సగమే గుర్తు. మడమలు మాత్రం బాగా గుర్తు. మా నాన్న మడమ పగుళ్ళలో బొగ్గుపొడి ఇంకిపోయి, పటంలో నదుల్లా సన్నటి నల్లగీతలు కనిపిస్తాయి. మా పెద్దమ్మ మడమ ఎండాకాలపు చెరువు. ఈ మాట పెద్దమ్మకు తెలియదు. నా డైరీకి మాత్రమే తెలుసు.

మేముండేది ఇల్లందులో, బొగ్గుగని కాలనీ చివరి వరుసలో. వెనక గోడ దాటితే తునికి చెట్లు, టేకు చెట్లు, ఆ తర్వాత అంతా అడవే. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ ల్యాబ్ అసిస్టెంటును. పిల్లలు రాకముందు స్లైడ్లు తుడిచి పెట్టడం, వాళ్ళు వెళ్ళాక పగిలినవి ఏరడం నా పని. మధ్యలో ల్యాబ్ ఖాళీగా ఉన్నంతసేపూ మైక్రోస్కోపు నాది. ఉల్లిపొర, జడలోంచి ఊడిన వెంట్రుక, టీలో పడి చచ్చిన చీమ కాలు, ఏది దొరికితే అది దాని కింద పెట్టేదాన్ని. సీతాకోకచిలుక రెక్కను ముట్టుకుంటే వేలికి అంటేది పొడి అనుకుంటాం గానీ, అది పొడి కాదు. గూనపెంకులు. ఎవరో ఓపికున్న మేస్త్రీ ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఇల్లు కప్పినట్టు వరసలు వరసలుగా ఉంటాయి.

మైక్రోస్కోపును ఇంటికి తెచ్చుకోలేను కదా. అందుకని ఫోనుకు తగిలించే చిన్న అద్దం ఒకటి తెప్పించుకున్నాను. బట్టల క్లిప్పు లాంటి క్లిప్పు, దాని చివర బఠాణీ అంత అద్దం. దాన్ని కెమెరా మీద బిగించి, ఏ వస్తువు దగ్గరికైనా ముక్కు తగిలేంతగా పోతే, ఆ వస్తువు తన పేరు మరిచిపోతుంది. కాకరకాయ, గని పక్కన పోసిన మట్టిగుట్టలైపోతుంది. మా వీధి కుక్క ముక్కు, వాన వెలిసిన తర్వాతి గులకరాళ్ళ బాట. తునికాకు అడుగుభాగం, పైనుంచి చూసిన ఊరు: పెద్ద రోడ్డు, చిన్న రోడ్లు, సందులు, మధ్యలో చదరపు ఇళ్ళు.

నలుగురిలో కూర్చుంటే నా నోరు పెగలదు. వాట్సాప్ గ్రూపులో మాత్రం నాకు నోరుంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా కుటుంబం గ్రూపులో ఒక ఫోటో పెట్టి, "ఇది ఏమిటో చెప్పండి" అని రాసి, పక్కన కూర్చుని మరమరాలు తింటూ వాళ్ళ కొట్లాట చూసేదాన్ని. ఒకసారి మా బాబాయి నిద్రపోతుంటే, గీసి రెండు రోజులైన ఆయన గడ్డాన్ని దగ్గరగా తీసి పెట్టాను. అందరూ వరి కోసిన పొలం అన్నారు. బాబాయి లేచి ఫోను చూసి, అది కూసుమంచి దగ్గర ఉన్న మా మేనమామ పొలమేనని, ఈసారి కోత సరిగ్గా కోయించలేదని గ్రూపులోనే మేనమామను తిట్టాడు. మేనమామ తన పొలం అంత అధ్వానంగా ఉండదని తిరిగి తిట్టాడు. నేను నోట్లో చున్నీ కుక్కుకొని గోడవైపు తిరిగి కూర్చున్నాను.

ఇక ఆ ఎర్ర ఫోటో సంగతి. పోయిన ఏడాది తొలకరి పడిన మర్నాడు, వెనక గోడ దగ్గర బోర్లా పడుకొని ఒక ఆరుద్ర పురుగును ఫోటో తీశాను. మొదటి వానలకు మట్టిలోంచి పైకి వచ్చి, కొన్నాళ్ళు కనిపించి మళ్ళీ మాయమయ్యే కందిగింజంత ఎర్రటి పురుగు. చిన్నప్పుడు దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకొని తిరగని వాళ్ళు మా వైపు లేరు. దాని వీపు ఒక్కటే తెర నిండా వచ్చేట్టు తీశాను. కాళ్ళు లేవు, తల లేదు, మట్టి లేదు. ఒత్తుగా ఒకే వైపుకు ఒరిగిన ఎర్రటి నూగు, నూగు చివర్లలో మెరుపు, అడుగున చీకటి. చాలా బాగా వచ్చింది. ఫోను తెర మీద అదే పెట్టుకున్నాను.

ఈ ఏడాది పెద్దమ్మ కూతురికి, అంటే మా అక్కకు, సంబంధం కుదిరింది. అక్క భద్రాచలంలో ఒక దవాఖానాలో నర్సు. అబ్బాయి వాళ్ళది వేంసూరు వైపు. మా క్రైస్తవ కుటుంబాల్లో పెళ్ళికి ముందు ప్రధానం చేస్తారు. పాస్టరుగారి ప్రార్థన, ఉంగరాలు మార్చుకోవడం, భోజనాలు. పెళ్ళినాడు పెళ్ళికూతురికి తెల్లచీరే కాబట్టి, రంగు చూపించుకోవడానికి ప్రధానం ఒక్కటే అవకాశం. ఆ చీర అబ్బాయి వాళ్ళు పంపాలి. పంపారు. మీగడ రంగు పట్టుచీర, సన్నటి ఎర్రంచు. దాంతోపాటే ఒక జాకెట్టు గుడ్డ. వెంటనే అబ్బాయి తల్లి ఫోను కూడా వచ్చింది. పెద్దమ్మ ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది కాబట్టి ఆ మాట మా వరుస మొత్తం విన్నది.

"చీర అందిందా వదినగారూ? జాకెట్టు గుడ్డ కూడా అందులోనే పెట్టించానండి. మీది అడవి పక్క ఊరు కదా, అక్కడేం దొరుకుతుందిలే అని."

పెద్దమ్మ నవ్వింది. కోపం వస్తే పెద్దమ్మ మొదట నవ్వుతుంది.

"అందింది వదినా. మంచిగనే ఉన్నది. కని జాకెట్టు గుడ్డ మేమే తెచ్చుకుంటం. మా దిక్కు దొరికే గుడ్డ మీ దిక్కు ఎవ్వరు సూసి ఉండరు. ప్రధానం నాడు సూస్తరు గదా."

"అలాగేనండీ, చూద్దాం."

ఆ 'చూద్దాం' పెద్దమ్మ చెవిలో ముల్లులా దిగింది. ఆమె మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె ఎప్పుడూ తప్పు మాట్లాడలేదని పేరు. నిజానికి ఏదో ఒకటి అనేసి, అది ఒప్పయ్యేదాకా ఊరుకోకపోవడం ఆమె పద్ధతి. ఇప్పుడు వేంసూరు వాళ్ళ ముందు మాట ఇచ్చేసింది. చేతిలో గుడ్డ లేదు, మనసులో కూడా లేదు. ప్రధానం తొలకరి రోజుల్లో, జూన్‌లో.

ఫోను పెట్టేసి విసురుగా మా ఇంటికి వచ్చింది. అక్కకు చెప్పుకుందామంటే తన ఫోనులో చార్జింగు అయిపోయింది. అరుగు మీదున్న నా ఫోను తీసుకుంది. తెర వెలిగింది.

"గిదేంది?"

నా కష్టం ఏమిటంటే, నా మాట గొంతులోంచి బయల్దేరి నాలుక దాకా వచ్చేసరికి ఎదుటివాళ్ళు రెండు వాక్యాలు ముందుంటారు.

"అది... పెద్దమ్మా..."

"మఖమలే. నాకెర్క లేదా? సూడు, పోగులెట్ల నిలవడ్డయో. గా చీరంచు రంగు, గీ రంగు ఒక్కటే. యాడ దీసినవ్ ఫోటో?"

"ఎన్క... గోడ కాడ..."

"గోడ మీద ఎండేసిన్రా? ఎవరిది? గా కొత్తగొచ్చిన టీచరమ్మదా? అగ్గో, ఆమెకు దొరికింది నాకు దొరకదా!"

ఇక నేను నిజం చెప్పాలంటే తొలకరి నుంచి మొదలుపెట్టాలి. పెద్దమ్మ అప్పటికే వంటింట్లో ఉన్న మా అమ్మకు కేకేసి చెబుతోంది, రేపు పొద్దున బస్సుకు ఖమ్మం పోతున్నామని. గట్టిగా అరిచి చెప్పగలిగేదాన్నేమో. కానీ, ఆ పురుగు వీపును పెద్దమ్మ ఏ దుకాణంలో ఎలా అడుగుతుందో చూడాలని నాకు లోపల్లోపల మహా ముచ్చటేసింది.

ఆ సాయంత్రం అక్కకు ఫోను చేసి చెప్పాను. అటువైపు అక్క నవ్వి నవ్వి దగ్గింది.

"పోయినేడు నువ్వు బురదల పండుకొని దీసినవ్ సూడు, గా పురుగా?"

"అవ్ అక్కా. చెప్పాల్నా?"

"చెప్పకే. చెప్పినవనుకో, ముందుగాల నిన్ను తింటది, ఎన్క నన్ను తింటది. ఖమ్మంల దొరకకపోతే ఏదో ఒక ఎర్రగుడ్డ కొంటది, అయిపోతది."

మర్నాడు ఖమ్మంలో కమాన్ బజార్ అంతా తిరిగాం. ఆ బజార్లో ఒక రివాజు ఉంది: ఏ దుకాణంవాడూ లేదు అనడు. మొదటి దుకాణంలో సేల్స్‌మన్ ఫోటో చూడగానే తొడ చరిచాడు.

"మేడం, నిన్నటిదాంక ఉండె! గీ గుడ్డనే. ఒకామె వచ్చి థాన్‌కు థాన్ కొనుక్కపోయింది."

పెద్దమ్మ నావైపు చూసింది, చూశావా అన్నట్టు. ఒక థాను ఆరుద్ర పురుగులను సంచిలో వేసుకొని బస్సెక్కిన ఆ ఇల్లాలిని ఊహించుకొని, చెప్పు పట్టీ సరిచేసుకునే వంకతో నేను మెట్ల మీద కూర్చుండిపోయాను.

రెండో దుకాణంలో అది సూరత్ నుంచి వచ్చే మాల్ అన్నారు. "ఇంతలకు గిది సూడుండ్రి మేడం, సేమ్ టు సేమ్" అని ముదురు ఎరుపు గుడ్డ ఒకటి పరిచారు. పెద్దమ్మ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని చూసి, వదిలేసింది.

"గిది సోఫాకేసే గుడ్డ గాదయ్యా? నా బిడ్డ మనిషా, సోఫానా?"

మూడో దుకాణం ఒక ముసలి ముస్లిం సేటుది. తాతల కాలం నుంచి బట్టల వ్యాపారమట. ఆయన ఫోను చేతిలోకి తీసుకొని, కళ్ళద్దాలు పైకి నెట్టి, ఫోటోను అందరూ చేసేట్టే బొటనవేలితో పక్కకు జరిపాడు. పక్క ఫోటోలో అదే పురుగు నా అరచేతిలో కాళ్ళన్నీ చాపుకొని నిలబడి ఉంది. ఆయన దాన్ని చూశాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు. నావైపు చూశాడు. నేను ఆయన చెప్పులవైపు చూశాను.

"అమ్మా, గీ మాల్ ఇప్పుడు మా తాన లేదు" అన్నాడు. బజార్ మొత్తంలో లేదు అన్న మొదటి మనిషి.

"మరెప్పుడొస్తది సేటూ?"

"గిది సీజన్ మాల్. తొలకరి వడ్డంక వస్తది. కొన్ని దినాలుంటది, మళ్ళ కనవడది."

"మస్తు డిమాండా?"

"పిల్లలల్ల మస్తు డిమాండు."

"యాడి మాల్ గిది? సూరతేనా?"

"కాదమ్మా. మీ అడవి దిక్కుదే."

ఆయన అక్కడ ఆగాడు. ఇప్పుడు అర్థమై నవ్వుతుందని ఎదురుచూశాడనుకుంటాను. పెద్దమ్మ ముఖం మాత్రం దీపంలా వెలిగింది.

"ఇనవడ్డదా? మన అడవి దిక్కుదేనట! వేంసూరామెకు చెప్తా ఆగు." నా భుజం మీద ఒక్కటి చరిచి మెట్లు దిగింది. సేటు 'బేటీ, నువ్వన్నా చెప్పు' అన్నట్టు నాకు కళ్ళతో సైగ చేశాడు. నేను కిందికి చూసుకుంటూ పెద్దమ్మ వెనక దిగిపోయాను.

ఆ తర్వాత మే నెల మొత్తం పెద్దమ్మ ఆకాశం వైపు చూస్తూ గడిపింది. ఎవరు ఏ ఎర్రగుడ్డ తెచ్చి చూపించినా వద్దంది. ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజంలో అందరికీ చెప్పింది, వానలతోపాటు గుడ్డ దిగుతుందని. వేంసూరు నుంచి మళ్ళీ ఫోను వచ్చింది.

"గుడ్డ దొరికిందాండీ వదినగారూ? దొరక్కపోతే మా గుడ్డే కుట్టించేయండి, పర్లేదు."

"దొరుకుడేంది వదినా, వస్తున్నది. సీజన్ మాల్."

జాకెట్లు కుట్టే ఆమె మాత్రం తెగేసి చెప్పింది, ఈ శనివారం లోపల గుడ్డ చేతికి రాకపోతే తను కుట్టలేనని. అప్పుడు అక్కకు నవ్వు ఆగిపోయింది.

"ఏందే, ప్రధానం నాడు నేను కొంగు కప్పుకొని కూసోవాల్నా? అమ్మ వేరే గుడ్డ ముడుతలేదు. ఇప్పుడు పురుగని చెప్తే చర్చిల మొఖం యాడ వెట్టుకుంటది? వేంసూరోళ్ళు జన్మంత నవ్వుతరు. నువ్వు దీసిన ఫోటోనే గదా. నువ్వే పోయి దేవులాడు."

ఒంటరిగా ఖమ్మం పోవడం నాకు కొత్త కాదు గానీ, ఒంటరిగా దుకాణం ఎక్కి నోరు విప్పడం కొత్త. బస్సులో దారి పొడుగునా ఒకే వాక్యం వల్లించుకున్నాను. తీరా సేటు దుకాణం మెట్లెక్కాక ఆ వాక్యం ఎటు పోయిందో పోయింది. సేటే ముందు గుర్తుపట్టాడు.

"రా బేటీ రా! పెద్దమ్మకు చెప్పినవా?"

"లేదు చాచా."

"అయ్యో! నేను నవ్వులాటకన్న. ఆమె నవ్వుతదనుకున్న."

"మా పెద్దమ్మ నవ్వితే ఇంకా భయం చాచా."

ఆయన గట్టిగా నవ్వాడు. పరిచయం లేని మనిషిని నేను నవ్వించడం అదే మొదటిసారి. ఆ ఊపులో ఫోనుకు అద్దం తగిలించి, సంగతంతా చెప్పేశాను: గుడ్డ కావాలి, మామూలు కంటికి కాదు, ఈ అద్దంలో చూస్తే పురుగు వీపులా ఉండాలి.

ఆయనకు పని దొరికింది. ఉన్న మఖమలంతా కిందికి దించాడు. నేను ఒక్కొక్కదాని మీద అద్దం ఆనిస్తుంటే ఆయన పక్కనుంచి తల వంచి తెరను చూస్తున్నాడు. ఒకటి బాబాయి గడ్డం: మొరటుగా, ఎటు పడితే అటు కోసిన కొయ్యకాళ్ళు. ఒకటి నైలాను; చేపలు పట్టే తీగలు కట్టగట్టి నిలబెట్టినట్టు ఒకటే మిడిమేలపు మెరుపు. ఇంకోటి గేదెలు పొర్లిన గడ్డి. చేతికి మెత్తగా తగిలినవే తెర మీద ఎంత అసహ్యంగా ఉన్నాయో చూసి ఆయన నొచ్చుకున్నాడు. "గిన్నేండ్లు గివేనా నేనమ్మింది?" అని తనే నవ్వుకొని, లోపలికి పోయి ఒక కాగితం చుట్ట పట్టుకొచ్చాడు. వాళ్ళ నాయన కాలంలో టోపీల మీద జరీ పనికి తెప్పించిన మఖమల్, మిగిలిన చివరి తుండు. జాకెట్టుకు సరిపోతుంది, అంతే.

అద్దం ఆనించాను. ఒత్తుగా, ఒకే వైపుకు ఒరిగిన ఎర్రటి నూగు. చివర్లలో మెరుపు, అడుగున చీకటి. పాత ఫోటో పక్కన పెట్టి చూశాం. ఏది పురుగో, ఏది గుడ్డో ఒక్క క్షణం నాకే తెలియలేదు.

"మాషా అల్లా" అన్నాడు సేటు, పురుగును చూసో గుడ్డను చూసో.

అంతసేపూ నేను ఆయన చెప్పులవైపు చూడలేదని బస్సెక్కి కూర్చున్నాక గుర్తొచ్చింది.

ఇంటికి తెచ్చి పెద్దమ్మ ముందు పరిచాను. ఆమె అటు తిప్పి ఇటు తిప్పి, మూతి ముడిచింది.

"గిది గాదు."

"గిదే పెద్దమ్మా."

"కాదంటే కాదు. ఫోటోల పోగులు పోగులు కనవడ్డయి. గిది నున్నగున్నది."

మాటలతో పెద్దమ్మను గెలిచినవాళ్ళు లేరు. నేను అద్దం బిగించి గుడ్డ మీద ఆనించి, తెరను ఆమె వైపు తిప్పాను. పెద్దమ్మ చాలాసేపు చూసింది. గుడ్డను వేలితో నిమిరి, తెర మీద ఆ నూగు ఒరగడం చూసి, మళ్ళీ నిమిరింది.

"గిదే" అంది. "వానలు వడకముందే ఎట్లొచ్చింది?"

"సేటోళ్ళ నాయిన కాలంల తుండట. మిగిలిందట." అది అబద్ధం కాదు.

పెద్దమ్మ తలూపింది. నేను హమ్మయ్య అనుకునే లోపలే ఆమెకు ఆలోచన వచ్చింది. పెద్దమ్మకు ఆలోచన వస్తే ముక్కుపుడక కదులుతుంది.

"వేంసూరోళ్ళకు ఉత్త కండ్లకు గిట్ల కనవడది గదా. నువ్వొక పని చెయ్. ప్రధానం నాడు అక్క పక్కన ఫోను వట్టుకొని నిలవడు. వచ్చినోళ్ళందరికి సూపియ్యి."

"పెద్దమ్మా... నేనా?"

"మరెవరు? నువ్వే దెస్తివి, నువ్వే సూపిస్తవ్. నోరిప్పి చెప్పాలె, గట్టిగ."

అక్క ఆ రాత్రి ఫోనులో ఎంత నవ్విందంటే, హాస్టల్లో పక్క మంచం మీదున్న నర్సు లేచి తిట్టింది.

ప్రధానానికి ముందురోజు సాయంత్రం తొలకరి పడింది. ఉరుములతో వచ్చి, మా వాకిట్లో వేసిన షామియానాను ఒక మూల కూల్చి పోయింది. పొద్దునకల్లా ఎండ కాసింది. ఎర్రమట్టి మెత్తగా, వెచ్చగా ఆవిర్లు కక్కుతోంది. వేంసూరు వాళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ప్రార్థన అయింది. ఉంగరాలు మార్చుకున్నారు. అక్క ఆ జాకెట్టులో ఎంత బాగుందో చెప్పలేను. నేను ఆమె పక్కన ఫోను పట్టుకొని, చెమటకు క్లిప్పు జారిపోతుంటే మళ్ళీ మళ్ళీ బిగిస్తూ, నేలలోకి దిగిపోవడానికి చోటు వెతుక్కుంటున్నాను.

అబ్బాయి తల్లి అక్క చెయ్యి పట్టుకొని జాకెట్టు చేతిని చూసింది. "బాగుందండీ. మఖమలే కదా."

ఆ 'కదా'కు పెద్దమ్మ ముక్కుపుడక కదిలింది. "ఉత్త మఖమలనుకున్నవా వదినా? ఏ పిల్లా, సూపియ్యి!"

చూపించాను. ఆమె తెరలోకి చూసి, "ఓరి దేవుడా" అని ఫోను నా చేతిలోంచి తీసేసుకుంది. తర్వాత తిరిగి ఇవ్వలేదు. గుడ్డ అయిపోయాక తన ఉంగరం చూసింది. అక్క మెడలోని మల్లెదండ చూసింది. పాస్టరుగారి కోటు బొత్తం చూసింది. తన భర్త బట్టతల మీద ఆనించి, "అయ్యో, ఇక్కడ ఇంకా ఉన్నాయండీ రెండు" అంది. వేంసూరు ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. కుర్చీ కోడు పక్కన మట్టిలో ఏదో ఎర్రగా కనిపిస్తే, ఆమె మోకాళ్ళ మీద కూర్చొని దాని మీద కూడా అద్దం పెట్టింది.

తెర నిండా అదే ఎర్రటి నూగు. అది మెల్లగా తెరలోంచి పక్కకు వెళ్ళిపోయింది.

"వదినగారూ! మీ గుడ్డ నడుస్తోందండీ!"

అందరూ వంగి చూశారు. వాకిలంతా అక్కడక్కడా అవే, తొలకరికి పైకొచ్చిన ఆరుద్ర పురుగులు. పెద్దమ్మ కూడా వంగింది. పురుగును చూసింది. ఫోను తెరను చూసింది. తర్వాత నన్ను చూసింది. పెద్దమ్మ ముఖాన్ని నేను అంత పూర్తిగా చూసింది అప్పుడే. ఎడమ కనుబొమ్మలో చిన్న మచ్చ ఉందని అప్పుడే తెలిసింది. నోరు సగం తెరిచి ఉంది. చుట్టూ స్త్రీల సమాజం, ఎదురుగా వేంసూరు. షామియానా గుడ్డ మీంచి నిన్నటి వాన ఒక్కో చుక్కే రాలుతోంది.

పెద్దమ్మ నడుం నిలబెట్టింది. కొంగు సర్దుకుంది.

"అవ్. ఆరుద్ర పురుగే. మరి నేనేం చెప్పిన వదినా? గీ గుడ్డ మీ దిక్కు ఎవ్వరు సూసి ఉండరని చెప్పిన్నా లేదా? మా అడవి దిక్కు మఖమల్ దుకాన్ల పుట్టది, మట్టిల పుడ్తది. గా పురుగు రంగు, గా పురుగు నూగు సూసి, దానికి జోడు గుడ్డ దేవులాడిచ్చిన. ఊకనే దొరికిందనుకున్నవా? మా పిల్ల ఖమ్మమంత తిరిగింది."

వేంసూరు ఆవిడ పురుగు వైపు, జాకెట్టు వైపు మార్చి మార్చి చూసింది.

"పురుగును చూసి గుడ్డ తెప్పించారా! మా గట్ల మీద కూడా వస్తాయండీ ఇవి. ఇన్నేళ్ళూ తొక్కుకుంటూ పోయాం." గొంతు తగ్గించి అడిగింది. "ముక్కేమైనా మిగిలిందా వదినగారూ? మా చిన్నదానికి..."

"సీజన్ మాల్ వదినా. అయిపోయింది."

ఆ రోజు నేను ఒక ఏడాదిలో మాట్లాడినన్ని మాటలు మాట్లాడాను. ఎవరి కొంగు, ఎవరి గాజు, ఎవరి పుట్టుమచ్చ కావాలంటే వాళ్ళది చూపిస్తూ, ఇటు జరగండి, కదలకండి, ఊపిరి బిగబట్టండి అని పెద్దవాళ్ళను కసురుకున్నాను కూడా.

వాళ్ళ బండి వెళ్ళిపోయాక, ఇంకా పొద్దు ఉండగానే, పెద్దమ్మ వాకిట్లోంచి పిలిచింది. అక్క విప్పి దండెం మీద ఆరేసిన జాకెట్టు ఆమె ఒళ్ళో ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మొదటి నుంచి ఎర్కనా నీకు?"

"అవ్ పెద్దమ్మా."

"నాకు గూడ ఎర్కనే."

కాదను చూద్దాం అన్నట్టు చూసింది. నేను అలవాటుగా కిందికి చూశాను. ఆమె మడమ పగుళ్ళ నిండా తడి ఎర్రమట్టి చేరి ఉంది, తొలకరికి చెరువులోకి కొత్తనీళ్ళు వచ్చినట్టు. నాకు నవ్వొచ్చింది. ఆమె తన కాలిపక్కన పోతున్న ఒక పురుగును వేలితో ముట్టుకుంది. అది కాళ్ళన్నీ ముడుచుకొని పూసలా ఉండిపోయింది.

"సూడు, ముట్టుకుంటే ముడుసుకుంటది. అచ్చం నీ లెక్కనే" అని, దాన్ని ఒక ఆకు మీదికి ఎక్కించి తీసింది. "ఏదీ, జోడు కుదిరిందా లేదా సూద్దాం."

ఆకును వంచి పురుగును జాకెట్టు మీద వదిలింది. ఇద్దరం వంగాం. పురుగు లేదు.

"యాడికి వాయెనే?"

"గీడనే వడ్డది పెద్దమ్మా."

"నీ కండ్లు మంచివి గదా, సూడు."

చూశాను. ఎర్రటి నూగు, మెరుపు, చీకటి. అంతా ఒకటే. ఇంట్లోంచి అక్క గొంతు వినిపించింది. "అమ్మా! నా జాకెట్టేది? ఏం జేస్తున్నరు మీరిద్దరు?"

"ఏం లేదే!" అని అరిచింది పెద్దమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "కదలకు. అదే నడుస్తది" అంది.

జాకెట్టును మా ఇద్దరి మోకాళ్ళ మీద పరిచి, ఊపిరి బిగబట్టి, అందులో ఏ ముక్క నడుస్తుందో అని చూస్తూ కూర్చున్నాం.